ఉలి జారినా, కంపముల్లు దిగినా: దవాఖానాకి పోయేలోపు మన చేతుల్లో ఉండే పని

ఎండాకాలం వస్తే మా వైపు ఇళ్లలో రెండు పనులు తప్పవు. పాత తలుపులు, మంచాలు, కొట్టం వాసాలు విప్పి బాగు చేసుకోవడం ఒకటి. వానలు పడేలోపు కంప కొట్టుకొచ్చి చేను చుట్టూ కంచె వేసుకోవడం ఇంకొకటి. నేను అనంతపురంలో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు కళ్యాణదుర్గం వైపు మా ఊరికి పోయి, వడ్రంగం తెలిసిన మా చిన్నాయన పక్కన నిలబడి ఈ పనులు నేర్చుకున్నాను, ఇప్పటికీ చేస్తున్నాను. ఇన్నేళ్లలో నేను చూసిందేమంటే, తగిలిన దెబ్బ కంటే, తగిలాక మొదటి పది నిమిషాల్లో మనం చేసే పనే చాలాసార్లు ఎక్కువ చెరుపు చేస్తుంది. ఒకరు కాఫీపొడి అద్దుతారు, ఒకరు పసుపు కూరుతారు, బీడీ చించి పొగాకు పెట్టేవాళ్లు, కిరోసిన్ పోసేవాళ్లు కూడా ఉన్నారు. అందరూ ప్రేమతోనే చేస్తారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ పొడి గాయంలో గడ్డకట్టి అతుక్కుంటే నర్సమ్మ దాన్ని గీకి కడగాల్సి వస్తుంది, ఆ నొప్పి మామూలుగా ఉండదు. పైగా వంటింటి డబ్బాలోని పొడిలో సూక్ష్మక్రిములు ఉండవని ఎవరూ చెప్పలేరు. గాయం మీదికి పోవాల్సింది నీళ్లు, శుభ్రమైన గుడ్డ, మీ చేతి ఒత్తిడి, అంతే.

తెగిన గాయం

పోయిన ఏడాది వేప పలకకి గాడి తీస్తున్నాను. ఎడమ చేత్తో పలక పట్టుకుని కుడి చేత్తో ఉలి తోస్తున్నాను, అదే నేను చేసిన తప్పు. పలకలో ముడి ఉన్నచోట ఉలి ఆగింది, ఇంకొంచెం బలం పెట్టగానే ఎగిరి ఎడమ బొటనవేలి కింద మెత్తటి చోట దిగింది. మొదట రక్తం రాలేదు. చర్మం మీద తెల్లటి గీత ఒకటి కనపడింది, దాని వెంబడి చిన్న చిన్న ఎర్ర చుక్కలు లేచాయి, ఆ చుక్కలు ఒకదాంతో ఒకటి కలిసి అప్పుడు ధారగా కారింది. ఆ గీత చూసిన రెండు క్షణాల్లో చేయి వణకడం మొదలవుతుంది, అందరికీ అంతే, ముందు కింద కూర్చోండి. రక్తం చూసి కళ్లు తిరిగి పడితే తలకు ఇంకో దెబ్బ తగులుతుంది.

రక్తం జోరుగా కారుతుంటే కడగడం తర్వాత, ముందు ఒత్తాలి. ఉతికిన కాటన్ గుడ్డ, కర్చీఫ్, ఏదైనా సరే నాలుగు మడతలు వేసి గాయం మీద పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కిపట్టి, ఆ చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచండి. గడియారం చూసి పది నిమిషాలు. మధ్యలో ఆగిందా లేదా అని గుడ్డ ఎత్తి చూడొద్దు. ఎత్తిన ప్రతిసారీ అప్పుడే కట్టుకుంటున్న రక్తం గడ్డ తెగిపోయి కథ మళ్లీ మొదటికొస్తుంది. గుడ్డ తడిసిపోతే దాన్ని తీయకుండా పైన ఇంకోటి పెట్టండి. తాడు తెచ్చి మణికట్టు దగ్గర బిగించి కట్టడం మా ఊళ్లో ఇప్పటికీ చూస్తున్నాను, ఇలాంటి గాయాలకి అది అవసరం లేదు, ఒత్తిడి చాలు. రక్తం చిమ్ముతున్నా, పది నిమిషాలు గట్టిగా ఒత్తినా ఆగకపోయినా మళ్లీ ఒత్తిపట్టుకునే 108కి ఫోన్ చేయించండి.

రక్తం తగ్గాక, లేదా మొదటి నుంచే కొంచెంగా వస్తుంటే, తాగే నీళ్లతో ధారగా కడగాలి. ఒక చుక్క చల్లి వదిలేయడం కాదు, కనీసం అయిదు నిమిషాలు. గాయం చుట్టూ సబ్బు, గాయం లోపల నీళ్లు మాత్రమే. స్పిరిట్, డెటాల్ నేరుగా గాయంలో పోస్తే భగ్గుమని మండుతుంది, ఆ మంట చూసి క్రిములు చస్తున్నాయని సంతోషపడతాం. నిజానికి వాటితో పాటు మాన్పుకునే మన కండ కూడా దెబ్బతింటుంది. కడిగాక గాజుగుడ్డ మీద కొంచెం వాజిలిన్ రాసి పెట్టి కట్టు కట్టండి, రోజూ మార్చండి. గాలికి వదిలేస్తే తొందరగా ఆరుతుందని పెద్దవాళ్లు అంటారు. పొడిగా పక్కు కట్టిన దాని కంటే కొంచెం తేమగా, శుభ్రంగా కప్పి ఉంచిన గాయమే త్వరగా మానుతుంది.

ఇక కుట్లు వేయించుకోవాలా వద్దా అన్నది. గాయం నోరు తెరుచుకుని ఉన్నా, లోపల పసుపుపచ్చ కొవ్వు కనపడుతున్నా, కణుపు మీద తెగినా అదే రోజు పోవాలి. ఇంకో పరీక్ష ఉంది, అది ఇంట్లోనే చేసుకోవచ్చు, దయచేసి చేసుకోండి. తెగిన చేతి వేళ్లు ఒక్కొక్కటిగా వంచి, చాచి చూడండి, వేలి చివరి కణుపు కూడా విడిగా వంగాలి. తర్వాత కళ్లు మూసుకుని, వేలి చివర రెండు పక్కలా దూదితో తాకమని ఎవరికైనా చెప్పండి. వేలు వంగకపోతే లోపల నరంలాంటి కండతాడు తెగిందని, ఒక పక్క స్పర్శ తెలియకపోతే నరమే తెగిందని అనుమానించాలి. పైకి అర అంగుళం గాయమే కనపడుతుంది, రక్తం కూడా ఆగిపోయి ఉంటుంది, అందుకే జనం వదిలేస్తారు, నెల తర్వాత వేలు వంగడం లేదని వస్తే అప్పుడు బాగు చేయడం చాలా కష్టం.

తర్వాతి రెండు మూడు రోజులు చూస్తూ ఉండండి. ఎరుపు పాకుతున్నా, వేడిగా వాస్తున్నా, చీము పట్టినా, ఎర్రటి గీత చేతిమీదుగా పైకి పోతున్నా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయొద్దు.

కట్టర్‌తో వేలి ముక్క తెగిపడడం ఈ రాతలో చెప్పాల్సినంత చిన్న సంగతి కాదు. కానీ ఒక్క ముక్క తెలిసుండాలి. తెగిన భాగాన్ని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముడేసి, ఆ కవర్‌ని ఐస్ కలిపిన నీళ్లలో ఉంచి మనిషితో పాటు పంపాలి. ఐస్ ముక్కల మీద నేరుగా పెట్టకూడదు.

సూది సంగతి

ఇనుము గుచ్చుకుంటేనే, అదీ తుప్పు పట్టిన ఇనుమైతేనే ధనుర్వాతం వస్తుందని మావాళ్ల నమ్మకం. తుప్పుకీ దానికీ సంబంధం లేదు. ధనుర్వాతం తెచ్చేది క్లాస్ట్రిడియం టెటని అనే బ్యాక్టీరియా. దాని బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. గాలి తగలని లోతైన సన్నటి రంధ్రం దానికి అనువైన చోటు. కాబట్టి పేడ దిబ్బ పక్కన గుచ్చుకున్న పచ్చి ముల్లు కూడా తుప్పు మొల అంత ప్రమాదమే, పార తగిలినా అంతే.

చిన్నప్పుడు టీకాలన్నీ పూర్తయినవాళ్లు పదేళ్లకొకసారి బూస్టర్ వేయించుకుంటే చాలు. మట్టి, పేడ అంటిన గాయమో, లోతైన గాయమో అయితే, చివరి సూది వేసి అయిదేళ్లు దాటి ఉంటే మళ్లీ వేయించాలి. ఆరు నెలలకొకసారి, గీసుకున్న ప్రతిసారీ సూది వేయించుకునేవాళ్లున్నారు, అవసరం లేదు. అసలు టీకాలే పడనివాళ్లకి, పడ్డాయో లేదో తెలియని పెద్దవాళ్లకి మాత్రం మురికి గాయమైతే ఆ సూదితో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే ఇంకో సూది) కూడా కావాల్సి రావచ్చు, ఆ మాట డాక్టర్‌కి ముందే చెప్పండి. టీటీ అని మనం అడిగేదాని బదులు ఇప్పుడు ప్రభుత్వ ఆస్పత్రుల్లో టీడీ వేస్తున్నారు, అందులో కంఠసర్పికి రక్షణ కూడా కలిసి ఉంటుంది. వేయించుకున్న తేదీ ఫోన్‌లో రాసుకోండి, లేదంటే ప్రతిసారీ "ఎప్పుడు వేయించినామో ఏమో" దగ్గరే ఆగిపోతాం.

ముల్లు, చెక్క పేడు

రాయలసీమలో సర్కారు తుమ్మ ముల్లు తగలని చేయి ఉంటుందా? ఈ చెట్టు మనది కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. 1870లలో విత్తనాలు తెప్పించి మన దేశంలో మొదట నాటిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి. ఇప్పుడు చెరువు కట్టల నుంచి రైలు పట్టాల దాకా అదే. దాని ముల్లు గట్టిది, చెప్పు అడుగుని కూడా తోసుకుని వస్తుంది, కొన ఇట్టే విరిగి లోపలే ఉండిపోతుంది. ఆ చోట మామూలు ముల్లు కంటే వాపు, సలపరం ఎక్కువగా ఉంటాయి.

తీసే పద్ధతి చెప్తాను, ఇందులో తొందర పనికిరాదు. మొదట చేతులు, గుచ్చుకున్న చోటు సబ్బుతో కడగండి. వెలుతురులో కూర్చోండి, నలభై దాటినవాళ్లయితే కళ్లద్దాలు పెట్టుకోండి. ముల్లు ఏ వాలులో దిగిందో ముందు చూడాలి. చర్మం కింద నల్లటి గీతలా కనపడుతుంది, ఆ గీత పొడవునే పని చేయాలి. కొన బయటికి ఉంటే శ్రావణంతో, అదే ముల్లు తీసే చిన్న పట్టకారుతో, చర్మానికి ఆనుకునేంత దగ్గరగా పట్టుకుని, దిగిన వాలులోనే మెల్లగా వెనక్కి లాగండి. పైపైన పట్టి గుంజితే విరుగుతుంది. కొన లోపల ఉంటే సూదిని నీళ్లలో మరగపెట్టో, స్పిరిట్‌తో తుడిచో, ఆ నల్లగీత పైనున్న పలచటి తోలుని మాత్రం కొంచెం కొంచెంగా విప్పండి, ముల్లు తల కనపడగానే సూది మొనతో దాన్ని పైకి లేపి శ్రావణంతో అందుకోండి. అగ్గిపుల్ల మంటలో కాల్చిన సూదికి మసి అంటుతుంది, ఆ మసి లోపలికి పోతుంది, అందుకే నేను వద్దంటాను. రెండు వేళ్ల మధ్య పెట్టి పిసకడం అస్సలు వద్దు, ముల్లు లోపలే ముక్కలవుతుంది. చెక్క పేడు అయితే నీళ్లలో నానబెట్టొద్దు, చెక్క ఉబ్బి మెత్తబడి నారలుగా విడిపోతుంది. తీసేశాక మళ్లీ కడగండి, రెండు చుక్కల రక్తం వస్తే రానివ్వండి. పది నిమిషాలు ప్రయత్నించినా రాకపోతే ఆపేయండి, గోరు కింద లోతుగా దిగినా, కణుపులో దిగినా మొదటి నుంచే మీరు ముట్టుకోవద్దు.

కణుపు గురించి ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నాకు జరిగింది కాబట్టి. కంప లాగుతుంటే చూపుడువేలు మధ్య కణుపులో ముల్లు దిగింది, తీశాను, మొత్తం వచ్చిందనే అనుకున్నాను. వారం రోజులకి వాపు తగ్గింది, మళ్లీ వచ్చింది. మా జేజి జిల్లేడు పాలు పెట్టమంది, ముల్లు తనంతట తను బయటికొస్తుందని, నేను పెట్టలేదు కానీ ఊరికే కూర్చున్నాను, అదీ తప్పే. మూడో వారానికి వేలు వంగడం మానేసింది. ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి ఏమీ లేదని మాత్రలిచ్చి పంపారు. ఇంకో డాక్టర్ అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయిస్తే బియ్యపు గింజలో సగమంత కొన ఒకటి కీలు దగ్గర కనపడింది. ఆయన చెప్పిందేమంటే చెక్క, ముల్లు ఎక్స్‌రేలో సాధారణంగా కనపడవు, స్కానింగ్‌లో కనపడతాయి. ముల్లు గుచ్చుకున్న చోట వాపు పోయి పోయి వస్తుంటే డాక్టర్‌ని ఈ మాట మీరే అడగండి, తప్పేం లేదు.

మొల కాలికి దిగితే

పాత తలుపు విప్పాక మొలలున్న చెక్కలు కింద పడేస్తాం, మనమే వాటి మీద అడుగేస్తాం. హవాయి చెప్పు వేసుకున్నాం కదా అని ధైర్యం, మొల చెప్పుని పొడుచుకుని వచ్చేటప్పుడు రబ్బరు ముక్కనీ, దాని మురికినీ కూడా లోపలికి తెస్తుంది. పైన చిన్న చుక్కే కనపడుతుంది. బాగా కడిగి, నోరు మూసేలా ప్లాస్టర్ అతికించకుండా, వదులుగా గుడ్డ కట్టి అదే రోజు ఆస్పత్రికి పోండి. షుగర్ ఉన్నవాళ్లయితే పాదానికి ఏ గాయమైనా ఇంట్లో వైద్యం వద్దు, స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి నొప్పి లేదన్న ధైర్యం అక్కడ పనికిరాదు. చెక్క విప్పిన చేతితోనే మొల పీకి డబ్బాలో వేయడం ఒక్కటే దీనికి మందు. పీకడం కుదరకపోతే సుత్తితో వంచి అణిచేయండి.

సుత్తి దెబ్బ బొటనవేలి మీద పడితే ముందు ఉంగరం తీసేయండి, వాచాక రాదు. ఐస్ గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టి, చేయి ఎత్తి ఉంచండి. గోరు నల్లబడి, కింద రక్తం చేరి రాత్రంతా సలుపుతుంటే డాక్టర్ గోటికి చిన్న రంధ్రం చేసి ఆ రక్తం వదిలేస్తారు, క్షణాల్లో నొప్పి దిగుతుంది. రెండు రోజుల్లోపు పోతేనే దానికి ఫలితం. పిన్నీసు కాల్చి ఇంట్లో పొడవొద్దు, కింద ఎముక విరిగి ఉండొచ్చు. వేలు వంకరగా కనపడినా, వంగకపోయినా ఎక్స్‌రే కావాలి.

కన్ను

కంట్లో పడితే నలపొద్దు. మాట చిన్నదే కానీ చేయి ఆగదు, పిల్లలకైతే చేతులు పట్టుకోవాలి. రంపపు పొట్టు పడితే గ్లాసుతో శుభ్రమైన నీళ్లు, ముక్కు వైపు నుంచి బయటి వైపుకి పారేలా పోస్తూ రెప్పలు కొట్టండి, పై రెప్పని వెంట్రుకలు పట్టుకుని కింది రెప్ప మీదికి లాగి వదలండి, చాలాసార్లు వచ్చేస్తుంది. గ్రైండర్ పని చేస్తుంటే పడిన ఇనుప రవ్వ మాత్రం వేరే సంగతి. నల్లగుడ్డుకి అతుక్కుంటే కర్చీఫ్ కొనతో, నాలుకతో తీసేవాళ్లున్నారు, వద్దు. కంటి డాక్టర్ దగ్గరికే. వేగంగా వచ్చి తగిలిన రవ్వ లోపలికి దూరి ఉండొచ్చు, పైకి ఏమీ కనపడదు.

జిల్లేడు పాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, కంచె దగ్గర పొదలు నరుకుతుంటే కొమ్మ తెగి పాలు ఎగిరి పడతాయి. దీంతో ఉన్న మోసం ఏమంటే కొంతమందికి పెద్దగా నొప్పే ఉండదు, కొన్ని గంటలకి చూపు మసకబారుతుంది. అందుకే నొప్పి కోసం ఎదురుచూడకుండా, పడిన వెంటనే ఇరవై నిమిషాలు నీళ్లు పోస్తూ కడిగి, అదే రోజు చూపించండి. పండగ ముందు గోడలకు సున్నం వేస్తుంటే కంట్లో పడితే అంతకంటే తొందర, ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. సున్నం కంటిని కాలుస్తూ లోపలికి దిగుతూనే ఉంటుంది. రెప్ప కింద ఇరుక్కున్న పలుకులు నీళ్లతోనే పోగొట్టాలి, అర గంట కడుగుతూ, దారిలో కూడా బాటిల్‌తో కడుగుతూనే తీసుకుపోవాలి.

కట్టెల కింద ఉండేవి

కట్టెల కుప్ప, బుడ్డ (వేరుశనగ) కట్టె వామి, బండల కింద తేళ్లుంటాయని మనకెవరూ చెప్పక్కర్లేదు. కుట్టేవాటిలో నల్లగా పెద్దగా ఉండేదాని కంటే ఎర్రగా చిన్నగా ఉండేదే ప్రమాదం, దాని విషం గుండె మీద పని చేస్తుంది. మంత్రం, కత్తి గాటు, కట్టు ఏవీ వద్దు. కుట్టిన చోట చల్లటి గుడ్డ పెట్టి ఆస్పత్రికి. చెమటలు ధారగా పడుతున్నా, వాంతులైనా, చేతులూ కాళ్లూ చల్లబడుతున్నా క్షణం ఆగొద్దు, పిల్లల్లో అయితే ఈ గుర్తులు కనపడేదాకా కూడా ఆగొద్దు. దీనికి ప్రాజోసిన్ అనే రక్తపోటు మాత్ర బాగా పనిచేస్తుందని మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ చూపించారు. ఒక చిన్న ఊళ్లో ఉండి ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన మనిషి, 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ మాత్ర మీరు సొంతంగా వేసుకునేది కాదు, ఎంత తొందరగా చేరితే వైద్యం అంత బాగా పట్టుకుంటుందని చెప్పడానికే రాశాను.

కందిరీగ, తేనెటీగ కుడితే చల్లటి గుడ్డ చాలు, తేనెటీగ ముల్లు కనపడితే గోటితో వెంటనే గీకేయండి. మొహం, పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా 108. పాము అని అనుమానం వచ్చినా అంతే. కట్టు కట్టకుండా, కోయకుండా, నడిపించకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఎండ గురించి రెండు మాటలు. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది, పదకొండు తర్వాత కంప పని పెట్టుకోవద్దు. నేను చూసిన దెబ్బల్లో చాలా వరకు అలసిపోయి, నోరెండి, ఇదొక్కటి చేసి లేద్దాం అనుకున్నప్పుడు తగిలినవే. లీటరుకి అని రాసున్న ఓఆర్ఎస్ ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపండి, అర లీటరులో కలిపి చిక్కగా తాగొద్దు. ఎండలో మనిషి తడబడి మాట్లాడుతుంటే నీడకి తెచ్చి ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి చెప్పండి. స్పృహ సరిగా లేనివాళ్లకి నోట్లో నీళ్లు పోయొద్దు.

మిషన్ల దగ్గర ఒక్క హెచ్చరిక. డ్రిల్, కట్టర్, గ్రైండర్ లాంటి తిరిగే మిషన్ల దగ్గర గుడ్డ గ్లవ్స్ వేసుకోవద్దు, దారం పట్టుకుందంటే చేతిని కూడా లాక్కుపోతుంది. భుజాన టవల్, జారే లుంగీ, పొడుగు చేతుల చొక్కా కూడా అంతే. గ్లవ్స్ కంప లాగేటప్పుడు వేసుకోండి, తోలువి. ఉలి తోసేటప్పుడు రెండు చేతులూ ఉలి మీదే ఉండాలి, పలకని బిగించే పని క్లాంపుకి అప్పజెప్పాలి. ఉలి మొద్దుబారితే బలం ఎక్కువ పెడతాం, అప్పుడే జారుతుంది, కాబట్టి నూరుకున్నాకే పని మొదలుపెట్టండి.

మా కొట్టంలో బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి దూలానికి వేలాడుతుంటుంది. అందులో గాజుగుడ్డ, రెండు కట్లు, టేపు, చిన్న వాజిలిన్, సబ్బు ముక్క, శ్రావణం, రెండు సూదులు, స్పిరిట్ సీసా, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, సీల్ తీయని లీటరు నీళ్ల బాటిల్ ఉంటాయి. మూత లోపలి వైపు ఇంట్లో అందరి టీడీ తేదీలు రాసిన చీటీ అతికించాను. చిన్నాయనది పోయిన నెలే రాశాను, ఆయన చివరిసారి ఎప్పుడు వేయించుకున్నాడో ఆయనకే గుర్తులేదు, అందుకని ఆదివారం ఆగి సోమవారం పొద్దున్నే నేనే బండి మీద ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయి వేయించుకొచ్చాను.